పోసైడను వాటాల కథ



క్రిందటి సంక్రాంతి దినములలో నా పూర్వశిష్యుడొకడు మా యింటికి వచ్చెను. అతడు ముప్పది యేండ్లుగా సేద్యము చేయుచున్న రైతు. అతని కుమారుడు ఆస్ట్రేలియా దేశపు పశ్చిమతీరమందలి పెర్తు నగరమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ చిన్నవాడు తండ్రితో, "ఇచ్చటి గనుల కంపెనీల వాటాలు దినదినమును పెరుగుచున్నవి. కాలువక్రింది రెండెకరములును అమ్మి సొమ్ము పంపుము" అని ఫోనులో చెప్పెనట. "అయ్యవారూ, తమరేమి సెలవిత్తురు?" అని శిష్యుడు నన్నడిగెను. నాకు వర్తకము తెలియదు. బ్రతుకంతయు బడిలో చరిత్ర చెప్పినవాడను. కావున అతనికి చరిత్రయే చెప్పితిని. దానినే నేడు తమకును మనవి చేసెదను.

వాటా యన నేమి? గని త్రవ్వుట ఒక్కని చేతనగు పని కాదు. రాతిని తొలువవలెను, యంత్రములు తేవలెను, ఎడారిలో నీరు సమకూర్పవలెను. అందులకు వలయు మూలధనమును చిన్నచిన్న భాగములుగా విభజించి పలువురకు అమ్ముదురు. ఆ భాగమే వాటా, లేక షేరు. లాభమునందును నష్టమునందును వాటాదారునకు పాలుండును. 1871లో విక్టోరియా ప్రభుత్వము గనుల కంపెనీలకై ఒక క్రొత్త చట్టము చేసెను. దాని ప్రకారము వాటాసొమ్ములో కొంతయే చెల్లించినవాడు, మిగిలినది కట్టుమని కంపెనీ కోరినప్పుడు కట్టకుండవచ్చును. వాటా పోవును గాని అప్పు మీద పడదు. ఈ యేర్పాటు సాహసమునకు ఊతమిచ్చెను, దుస్సాహసమునకును ఇచ్చెను.

1883లో న్యూ సౌత్ వేల్సు పడమటి యంచున ఒక గొఱ్ఱెల బీడులో కంచె కాపు కాయుచుండిన చార్లెస్ రాస్పు అను జర్మనుడు, నల్లని రాతిగుట్టను చూచి అందు తగరమున్నదని తలచెను. ఏడుగురు చేరి తలకింత సొమ్ము వేసికొని త్రవ్వించిరి. తగరము లేదు. కొలదిపాటి సీసమును వెండియు కనబడెను. విసిగినవారు తమ భాగములను చౌకగా అమ్ముకొనిరి. ఒక భాగపు వెలను పేకాటలో తేల్చుకొనిరని ప్రసిద్ధి. 1885లో గొప్ప వెండి బయటపడెను. ఆ యేటనే బ్రోకెన్ హిల్ ప్రొప్రయిటరీ కంపెనీ పుట్టెను. అదియే నేడు బి.హెచ్.పి. యను పేర ప్రపంచమందలి మిక్కిలి పెద్ద గనుల కంపెనీలలో ఒకటి.

ఈ కథ విన్నవారి మనస్సున నిలుచునది ఒక్కటే: అమ్మినవాడు చెడెను, పట్టినవాడు బాగుపడెను. తరువాతి తరముల వారిని ఈ జ్ఞాపకమే ముంచెనని నాకు తోచును.

పోసైడను అనగా గ్రీకుల సముద్రదేవత. కాని ఆ పేరు గల గనుల కంపెనీకి నామకరణము జరిగినది 1906లో మెల్బోర్ను పందెమున గెలిచిన గుఱ్ఱమును బట్టి. అది చిన్న కంపెనీ. 1966లో పశ్చిమాస్ట్రేలియాయందలి కంబాల్డా యొద్ద నికెలు దొరకిన పిమ్మట పలువురు ఆ లోహమునకై వెదకుచుండిరి. ఉక్కునకు త్రుప్పు పట్టకుండ జేయుటకు నికెలు కలుపుదురు. వియత్నాము యుద్ధమువలన దాని గిరాకి హెచ్చెను. 1969లో కెనడాయందలి సడ్బరీ గనులలో సమ్మె జరిగి సరకు తగ్గెను. సరిగా ఆ సమయముననే, సెప్టెంబరు మాసమున, లావర్టను అను ఊరికి సమీపమున విండర్రా యనుచోట పోసైడను వారి బోరు నికెలు ఖనిజమును తాకెను.

ఆ నెల మొదట వాటా వెల 80 సెంట్లు, అనగా ఒక డాలరైనను కాదు. అక్టోబరు 1వ తేదీకి 12 డాలర్లు దాటెను. 1970 ఫిబ్రవరిలో 280 డాలర్లకు చేరెను. ఆఱు మాసములు తిరుగకమునుపే 350 రెట్లు!

ఆ కాలమున మెల్బోర్ను, సిడ్నీ నగరముల వాటాల బజారులలో కుఱ్ఱవాండ్రు పెద్దబల్లల యెదుట నిలిచి, బేరము జరిగినకొలది సుద్దముక్కతో వెలలు వ్రాయుచు, తుడుచుచు నుండిరి. నేనును సుద్దముక్క పట్టి బ్రతికినవాడనే. బల్లమీద వ్రాసినంత మాత్రమున లెక్క సరియైనది కాదని ఎఱుగుదును. అప్పటికి గని త్రవ్వలేదు. అమ్మకమునకు ఒక్క మణుగు నికెలైనను పైకి రాలేదు. గేదెను నీళ్లలో నుంచి బేరమాడినట్లు, ఖనిజమును భూమిలో నుంచి బేరమాడిరి. 100 డాలర్లకు కొన్నవాడు గనిని నమ్మి కొనలేదు. రేపు మఱియొకడు 120 ఇచ్చునని నమ్మి కొనెను. పొరుగున మేకులు పాతిన కంపెనీల వాటాలు సైతము పెరిగెను. అందొక కంపెనీ రాతిని పరీక్షింపగా నికెలే లేదని తేలెను.

పిదప జరిగినది క్లుప్తముగా చెప్పెదను. తొలి పరీక్షలో నూటికి మూడున్నర పాళ్లు నికెలున్నదనిరి. ఖనిజము అంత మేలైనది కాదని తరువాత తెలిసెను. గనినుండి నికెలు వచ్చుట 1974లో గాని మొదలు కాలేదు. అప్పటికి నికెలు వెల తగ్గెను, ఖర్చు పెరిగెను. వాటాల వెల ఏనాడో కూలియుండెను. 1976లో పోసైడను పేరు బజారు పట్టికనుండి తొలగింపబడెను. గని మఱియొక కంపెనీ చేతికి పోయి 1991 వఱకు నడచెను. కనుక నికెలు అబద్ధము కాదు, వెల అబద్ధము.

ఆ దేశపు సెనేటు ఒక విచారణసంఘమును వేసెను. పీటర్ రే అధ్యక్షతన ఆ సంఘము 1974లో నివేదిక నొసగెను. లోపలి వార్త ముందు తెలిసినవారు లాభపడిరనియు, దళారులలో కొందఱు తమ్ము నమ్మినవారి మేలుకంటె తమ మేలే చూచుకొనిరనియు అందు బయలుపడెను. క్రమముగా చట్టములు గట్టిపడెను. 1987లో ఆఱు నగరముల బజారులు ఏకమై ఒక్క సంస్థ యయ్యెను. నేడు సుద్దముక్కలు లేవు. వెలలు చేతిలోని ఫోనులో కనబడును. తుడిచి వ్రాయుట మాత్రము నాటివలెనే జరుగుచున్నది.

నా శిష్యుడు అంతయు విని, "అయితే వాటాలు కొనరాదా, అయ్యవారూ?" అనెను. "కొనరాదని నేననను. ఆ గొఱ్ఱెల బీడులో ఓపిక పట్టినవారు ధనవంతులైరి. కాని కొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుము. గని నడచుచున్నదా, లేక మాట నడచుచున్నదా? ఈ వార్త నాకంటె ముందు ఎవరికి తెలిసెను? సొమ్మంతయు పోయినను నా యింట పొయ్యి వెలుగునా?" అంటిని.

అతడు చాలసేపు ఊరకుండి, "మూడవదానికి నా యొద్ద జవాబు లేదు" అనెను. ఇంటికి పోయి కుమారునితో, "నీ జీతములో మిగిలినది నీ యిష్టము. పొలము మాత్రము మీ తాతది; నీ కొడుకుది" అని చెప్పెనట. కుమారుడు కొన్ని దినములు అలిగి మాటలాడలేదని వింటిని. ఆ వాటాలు ఇకముందు పెరుగునో తరుగునో నేనెఱుగను. పెరిగినచో ఆ చిన్నవాడు నన్ను తిట్టుకొనవచ్చును, తిట్టుకొననిండు. కాలువక్రింది రెండెకరములును ఈ యేడును ఊడ్పు పడినవి.

సెలవు.