పడమటి మండలాల్లో ధరలు, అప్పులు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో పెద్ద నది లేదు. వాన, చెరువు, బావి మీదే సేద్యం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేనాటికి మదనపల్లెది రైత్వారీ. పుంగనూరు జమీందారీ, కుప్పం ఉన్న కంగుంది కూడా జమీందారీయే. పాలన ఏదైనా శిస్తుకూ విత్తనాలకూ రైతు ప్రోనోటు రాసి అప్పు తెచ్చేవాడు.

1929 మాంద్యం ఈ ప్రోనోట్ల అర్థాన్నే మార్చేసింది. మద్రాసు రాజధానిలో పంటల ధరలు కొన్నేళ్లలోనే దాదాపు సగానికి పడ్డాయి. ప్రోనోటు మీది అంకె మాత్రం తగ్గలేదు. పది బస్తాల వేరుశెనగతో తీరవలసిన అప్పుకు ఇరవై బస్తాలు కావలసి వచ్చింది. అప్పటికి దేశానికి కేంద్ర బ్యాంకు లేదు. రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల మారకం నిలపాలని ప్రభుత్వం నగదు చలామణిని కుదించింది. ధరలు కూలుతుంటే డబ్బును బిగించడం రైతుకు జరిగిన ఘోరమైన అన్యాయం. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలాక బంగారం ధర పెరిగింది. పల్లెల్లోని నగలు కరిగి విదేశాలకు తరలిపోయాయి.

రిజర్వు బ్యాంకు 1935 ఏప్రిల్ 1న మొదలైంది. ఆ నవంబరులో 3 శాతానికి తగ్గించిన బ్యాంకు రేటు 1951 దాకా కదలలేదు. నూటికి నెలకు రూపాయి, రెండు రూపాయల వడ్డీ కట్టే ఊళ్లకు ఆ చవకదనం చేరలేదు, ఎందుకంటే షావుకారుకు బ్యాంకుతో పని లేదు. ఊరట శాసనసభ నుంచి వచ్చింది. రాజాజీ ప్రభుత్వం తెచ్చిన 1938 చట్టం 1932 అక్టోబరుకు ముందటి అప్పులపై పేరుకున్న వడ్డీని రద్దు చేసింది. అసలుకు రెట్టింపు కట్టినవారి బాకీ తీరినట్టే. కొత్త అప్పులపై వడ్డీ 6¼ శాతం దాటరాదంది. అయితే ఆ తర్వాత కొత్త అప్పు పుట్టడమే కష్టమైంది. మిగిలిన బాకీల బరువును యుద్ధకాలపు ధరల పెరుగుదల తగ్గించింది. అమ్ముకునేంత పంట ఉన్న పెద్ద రైతుకే ఆ మేలు ఎక్కువ.

1951-52 గ్రామీణ పరపతి సర్వేలో రైతుల అప్పుల్లో వాణిజ్య బ్యాంకుల వాటా దేశమంతటా 1 శాతమైనా లేదు. 1969 జాతీయీకరణ తర్వాతే బ్యాంకులు పల్లెలకు నడిచాయి.

2023లో కథ తిరగబడింది, ఈసారి బెడద ధరల పెరుగుదల. ద్రవ్యోల్బణాన్ని అదుపు చేయడానికి రిజర్వు బ్యాంకు 2022 మే నుంచి పది నెలల్లో రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పుపై వడ్డీని) 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. అమెరికా ఫెడరల్ రిజర్వు కూడా అదే దారిలో ఉంది. జూలైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాట రెండు వందలకు చేరువైంది. దేశ చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతం తాకింది. వడ్డీ పెంచితే టమాట కాయదు గనుక ఆగస్టులో రెపో రేటు కదపకపోవడం సరైన నిర్ణయమే. సెప్టెంబరుకల్లా టమాట ధర కుప్పకూలింది. రెపో రేటు మాత్రం 2025 ఫిబ్రవరి దాకా తగ్గలేదు. సకాలంలో కడితే పంటరుణంపై 4 శాతమే వడ్డీ కాబట్టి పట్టా ఉన్న రైతుకు రేటు పెంపు దెబ్బ నేరుగా తగలలేదు. పట్టా లేని కౌలు రైతుకు ఆ రుణం దొరకడం కష్టం. అతనికి దిక్కు మండీ అడ్వాన్సు, బంగారం తాకట్టు.