దీపం ఉత్తరాన, లెక్క దక్షిణాన

ప్రజోత్పత్తి నామ సంవత్సరం, పుష్య బహుళం. ఇంగ్లీషు లెక్కలో 1872 ఫిబ్రవరి 4, ఆదివారం. ఆ సాయంత్రం పొద్దు గూకినాక బొంబాయి ఆకాశంలో ధ్రువకాంతి కనిపించింది. నార్వే, ఐస్‌లాండ్, కెనడా ఉత్తర కొసల వాళ్ళు చలికాలపు రాత్రుల్లో చూసే వెలుగు అది. ఉప్పుగాలి ఉక్కలో బతికే బొంబాయికి దానితో ఏ చుట్టరికమూ లేదు. బొంబాయికి నాలుగు డిగ్రీల పైచిలుకు దక్షిణాన, కడప జిల్లా చీనీ తోటల మధ్య ఉన్న సింహాద్రిపురంలో నిలబడి ఆ రాత్రి లెక్క చూడాలి. ఆ వెలుగు మన దత్తమండలాల దాకా వచ్చిందా అన్నది మొదటి ప్రశ్న. వచ్చి ఉండదనే నేను అనుకుంటున్నాను. అయినా ధ్రువకాంతుల చరిత్రలో దక్షిణానికి పెద్ద చోటే ఉందని నా వాదం. ఆ దీపం వెలిగేది ఉత్తరాన. దాన్ని వెలిగించిన తుఫాను ఎంతటిదో తేటగా తెలిసేది భూమధ్యరేఖకు దగ్గరి ఊళ్ళలో.

పాత ఆధారాల్లో ఈ వెలుగును వెతికితే శతాబ్దాలు గబగబా దొర్లిపోతాయి. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళలో రేనాటి చోళుల తెలుగు శాసనం ఆరో శతాబ్దిది. అక్కడి నుంచి విజయనగర కాలం దాకా మన సీమ రాళ్ళ మీద ఆకాశం ఎక్కువగా గ్రహణాల రూపంలో, సంక్రాంతుల రూపంలో కనిపిస్తుంది. గ్రహణ పుణ్యకాలంలో చేసిన భూదానానికి ఫలం ఎక్కువ కాబట్టి గ్రహణం రాతికెక్కింది. తిథి చెప్పి రాని వెలుగుకు దానమూ లేదు, శాసనమూ లేదు. శాస్త్రగ్రంథాల్లో మాత్రం దిగ్దాహం అనే మాట ఉంది. వరాహమిహిరుడు బృహత్సంహితలో దిక్కులు మండినట్టు కనిపించడానికి ఒక అధ్యాయమే కేటాయించి, రంగును బట్టి ఫలితాలు చెప్పాడు. అది ధ్రువకాంతేనని తేల్చేయడానికి తొందరపడకూడదు. ఎండాకాలంలో నల్లమల మీదో పాలకొండల మీదో కార్చిచ్చు రేగితే దిక్కంతా ఎర్రబారుతుంది. 1883లో క్రకటోవా అగ్నిపర్వతం పేలిన తర్వాత నెలల తరబడి సంధ్యాకాశం మండిపోయింది. ఆ సెప్టెంబరులో మద్రాసు వాళ్ళకు సూర్యుడే ఆకుపచ్చగా కనిపించాడు. దిగ్దాహమనే ఒక్క పేరు కింద ఇవన్నీ ఇమిడిపోతాయి. కనుక పేరును కాక, తేదీతో వేళతో రాసిపెట్టిన సాక్ష్యాన్నే నమ్మాలి. అలాంటి సాక్ష్యం ఉన్నది 1872కే.

ఫిబ్రవరి 6న, మంగళవారం నాటి టైమ్స్ ఆఫ్ ఇండియా ఆ సంగతి ప్రచురించింది. సూర్యాస్తమయం తర్వాత వెలుగు పలచగా మొదలై రంగులు మారుతూ పోయిందట. సోమవారం తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో ముదురు ఊదారంగుతో తీవ్రమై, పొద్దు పొడిచేదాకా నిలిచిందట. నాటి రాత్రిని పంచాంగంతో సరిచూస్తే ఈ మాటకు బలం చేకూరుతుంది. అమావాస్యకు ఇంకా నాలుగైదు రోజులే ఉంది. చంద్రుడు తెల్లవారుజామున గానీ రాడు. కాబట్టి రాత్రి చాలా భాగం కనిపించినదాన్ని వెన్నెల అని కొట్టిపారేయడానికి లేదు. అయినా ఒక్క పత్రిక మాట మీద ఎంత బరువు పెట్టగలం, విలేకరి ఏ దూరపు మంటనో చూసి రాసి ఉండవచ్చు కదా అనే అనుమానం న్యాయమైనదే. దానికి జవాబు ఆకాశంలో కాక సముద్రం అడుగున దొరుకుతుంది. 1870లోనే సూయజ్ నుంచి ఏడెన్ మీదుగా బొంబాయికి తంతి కేబుల్ వేశారు. ఆ రాత్రి బొంబాయి–ఏడెన్ కేబుల్ గంటల తరబడి అలజడికి లోనైంది. భూమి అయస్కాంత క్షేత్రం వేగంగా మారితే పొడుగాటి తీగల్లో దానంతట అదే విద్యుత్తు పుడుతుంది. అలాంటప్పుడు తంతి ఉద్యోగి బల్ల మీది ముల్లు ఎవరూ పంపని వార్తకు కదులుతుంది. కార్చిచ్చుకు ఆ శక్తి లేదు. అదే రాత్రి వెలుగు ఏడెన్‌లోనూ సూడాన్‌లోని ఖార్టూమ్‌లోనూ కనిపించింది. చైనా కోస్తాన షాంఘైలోనూ కనిపించింది. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకుడు హిసాషి హయకావా బృందం ప్రపంచం నలుమూలల నుంచి ఏడు వందలకు పైగా ఇలాంటి సాక్ష్యాలు ఏరి 2023లో ప్రచురించింది. ఒకరి సంగతి ఒకరికి తెలియని అంతమంది ఒకే రాత్రి పొరబడరు.

ఇక సింహాద్రిపురం. ధ్రువకాంతిలో పచ్చరంగు సుమారు వంద కిలోమీటర్ల ఎత్తున పుడుతుంది. ఎరుపు పుట్టేది రెండు వందల కిలోమీటర్లకు పైన. భూమి గుండ్రన కాబట్టి పచ్చటి వెలుగు దాదాపు 1,100 కిలోమీటర్ల దూరం వరకే కంటికి అందుతుంది. 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఎర్రటి వెలుగు 2,200 కిలోమీటర్ల దాకా అందుతుంది. దక్షిణాది ఊళ్ళకు ఎప్పుడైనా దక్కితే ఎరుపే ఎందుకు దక్కుతుందో ఈ ఎత్తుల తేడాలోనే ఉంది. హయకావా బృందం అంచనా ప్రకారం ఆ రాత్రి వెలుగు వలయం దక్షిణపు అంచు అయస్కాంత అక్షాంశంలో 24 డిగ్రీల దాకా దిగింది. బొంబాయి అప్పుడు 10 డిగ్రీల దగ్గరుంది. 400 కిలోమీటర్ల ఎత్తు పెట్టి లెక్క కడితే, అక్కడ ఆ వెలుగు ఉత్తరపు దిగంతానికి ఆరేడు డిగ్రీల పైన, అంటే చాచిన చేతి పిడికిలికి కాస్త తక్కువ ఎత్తున ఉండాలి. అదే లెక్క అయిదారు డిగ్రీల దగ్గరున్న సింహాద్రిపురానికి వేస్తే వచ్చేది ఒక్క డిగ్రీ. ఉత్తరాన గండికోట, ఎర్రమల కొండలు ఉన్నాయి. కొండ అడ్డం లేని చోట కూడా నేలకు అంత దగ్గరగా గాలి పొరలు మసక వెలుగును మింగేస్తాయి. పైగా అది చలికాలం. ఎండాకాలమైతే మిద్దెల మీద పడుకునే జనం ఆ రోజుల్లో కంబళి కప్పుకుని ఇంట్లో ఉంటారు. అందుకే ఇక్కడ ఎవరూ చూసి ఉండరని అంటున్నాను. కానీ ఇక్కడే ఇంకొకటి గమనించాలి. మద్రాసు నుంచి కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా సాగిన రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. వెలుగు అందని ఈ నేల మీదుగా పట్టాల వెంట తంతి తీగలు అప్పటికే సాగుతున్నాయి. ధ్రువకాంతిని రప్పించే తుఫానుకు చూపుల హద్దు లేదు. భూగోళమంతటా అయస్కాంత క్షేత్రాన్ని అది కుదిపేస్తుంది.

ఆ కుదుపును కొలవడంలోనే దక్షిణం పెద్దరికం ఉంది. సూర్యుడి నుంచి ఎగజిమ్మిన ఆవేశిత కణాల మేఘం భూమిని తాకినప్పుడు, భూమి చుట్టూ భూమధ్యరేఖ తలంలో వడ్డాణంలా ఒక విద్యుత్ప్రవాహం బలపడుతుంది. అది భూమి క్షేత్రానికి ఎదురు నిలిచి, కింద నేల మీద అయస్కాంత బలాన్ని తగ్గిస్తుంది. ధ్రువాల దగ్గర వెలుగు వెంట పారే ప్రవాహాల గొడవలో ఈ తగ్గుదల తేటగా కనబడదు. తక్కువ అక్షాంశాల్లో కనబడుతుంది. బొంబాయి కొలాబా అబ్జర్వేటరీ ముళ్ళు 1872లో 830 నానోటెస్లాలకు మించిన పతనం చూపాయి. అక్కడి క్షేత్రం మామూలు బలం సుమారు 37 వేలు. రెండు శాతమే కదా అనిపించవచ్చు. ప్రపంచంలోని తంతి వ్యవస్థ తల్లడిల్లడానికి అది చాలింది. అంతకు పదమూడేళ్ళ ముందు, 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండ్‌లోని రెడ్‌హిల్‌లో రిచర్డ్ కారింగ్టన్ సూర్యుడి మీద మెరుపు చూసిన మరునాటి మహా తుఫానులో యూరప్ యంత్రాల గీతలు కాగితం దాటిపోయాయి. కొలాబాలో ఉద్యోగులు మాత్రం కొన్ని నిమిషాలకోసారి ముల్లును కంటితో చదివి అంకెలు రాశారు. తుఫాను ముఖ్య దశ పూర్తిగా దక్కినది ఆ అంకెల వల్లే. నేటికీ శాస్త్రవేత్తలు వాటినే పట్టుకుంటారు. అంత పెద్ద తుఫానైతే మన దేశంలో ఎవరికీ వెలుగు కనిపించలేదేం అని అడగవచ్చు. తీవ్రత పతాకస్థాయికి చేరింది బొంబాయి మధ్యాహ్నపు వేళ. ఎండలో ఏ ధ్రువకాంతీ కనిపించదు. కళ్ళు చూడలేని దాన్ని ముల్లు చూసింది.

ధ్రువకాంతి అందమే దాని విలువ, ముల్లు కదలికను దానితో జతకట్టడం బలవంతం అనేవాళ్ళున్నారు. ఆ అందాన్ని నేనూ తక్కువ చేయను. కానీ వెలుగుకు కారణం సూర్యుడని, సూర్యుడికి పదకొండేళ్ళ పోటూపాటూ ఉందని మనిషికి తెలిసింది ముల్లును, సూర్యుడి మచ్చలను పక్కపక్కన పెట్టి చూసినందువల్లే. ఆ చూపు మన సీమ కష్టంతోనూ ముడిపడింది. 1872 తర్వాత నాలుగేళ్ళకే దత్తమండలాల మీద ధాత కరువు పడింది. 1877లో నార్మన్ లాకియర్, డబ్ల్యూ.డబ్ల్యూ. హంటర్ కలిసి సూర్యుడి మచ్చలకూ దక్షిణ భారతపు కరువులకూ సంబంధం ఉందని రాశారు. వానల గుట్టు అంత సులువుగా విప్పగలిగేది కాదని తర్వాత తేలింది. అయినా ఆ కరువు రేపిన ప్రశ్నల నుంచే సూర్యుడిని రోజూ గమనించాలన్న పట్టుదల వచ్చింది. 1899లో కొడైకెనాల్ సౌర పరిశీలన కేంద్రం అలా ఏర్పడింది. మచ్చల నుంచి వాయువులు పక్కలకు పారే తీరును జాన్ ఎవర్షెడ్ 1909లో కనుగొన్నది అక్కడే. ధాత కరువులో పోయిన వాళ్ళ లెక్కకు ఇది పరిహారం కాదు. ఆ మరణాలతో కలిపి చెప్పకపోతే మాత్రం కొడైకెనాల్ చరిత్ర సగమే అవుతుంది.

ఇరవయ్యో శతాబ్దం నుంచి కథ ఒక్క దారిన నడవదు. విద్యుత్ ట్రాములు వస్తున్నాయని కొలాబా అయస్కాంత పరిశీలనను 1904లో ఆలీబాగ్‌కు మార్చారు. హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ముళ్ళు కూడా నగరపు విద్యుత్ అలజడిని తప్పించుకోవడానికి చౌటుప్పల్‌లో మరో చోటు వెతుక్కున్నాయి. 2024 మే 10 రాత్రి లదాఖ్‌లోని హాన్లే కెమెరాల్లో ఉత్తర దిగంతం ఎర్రబడింది. అమెరికాలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో స్థిరపడిన టెక్సస్ ఆకాశంలోనూ గులాబీ వెలుగు పరుచుకుంది. కంటికి బూడిదరంగు తెరలా ఉన్నది ఫోన్ తెర మీద ముదురు రంగుగా పడింది. చూడటమంటే ఏమిటన్న పాత ప్రశ్న ఇప్పుడు కొత్త రూపంలో వచ్చింది: 1872లో ముల్లు సాక్ష్యాన్ని ఒప్పుకున్నవాళ్ళం ఫోన్ సాక్ష్యాన్ని కాదనలేం, రంగు విషయంలో మాత్రం దాన్ని పూర్తిగా నమ్మలేం. ఆ మే నెల తుఫాను కణాలను, భూమికి 15 లక్షల కిలోమీటర్ల అవతల కాపు కాస్తున్న మన ఆదిత్య–ఎల్1 కూడా కొలిచింది. దాన్ని శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. సింహాద్రిపురం నుంచి గాలిదారిన రమారమి 250 కిలోమీటర్లు. అది 2023 సెప్టెంబరు 2, మధ్యాహ్నానికి పది నిమిషాల ముందు. 164 ఏళ్ళ కిందట, అదే సెప్టెంబరు 2న, దాదాపు అదే పగటివేళ, కొలాబా ఉద్యోగులు కిందికి జారుతున్న ముల్లును చదివి అంకె వెంట అంకె రాస్తున్నారు.