చాటువులో విమర్శ: కవులపై కవుల పద్యాలు

సంస్కృతంలో ‘చాటు’ శబ్దానికి ప్రియవచనం, ముఖస్తుతి అని అర్థం. తెలుగులో సాటి కవిని మెచ్చుకున్న పద్యమూ చాటువే, వెక్కిరించిన పద్యమూ చాటువే. కావ్యావతారికల్లో సుకవిస్తుతి, కుకవినింద పక్కపక్కనే సాగాయి. అయితే అవతారికలోని కుకవికి సాధారణంగా పేరుండదు. చాటువు మాత్రం కవిని పేరుపెట్టి పిలుస్తుంది. ఏ గుణాన్ని మెచ్చుతున్నదో, ఏ మాటకు నవ్వుతున్నదో చూపుతుంది. అందువల్ల ఈ పద్యాలను తెలుగు విమర్శ చరిత్రలో భాగంగా చదవవలసి ఉంది.

మెప్పుకు ఉదాహరణగా పెద్దన, తిమ్మన, తెనాలి రామకృష్ణులను ఒకేచోట పేర్కొన్న ప్రసిద్ధ చాటువును తీసుకోవచ్చు. అది పెద్దనకు అల్లికలోని బిగిని, తిమ్మనకు పలుకులోని ముద్దును, రామకృష్ణునికి పదగుంఫనాన్ని ప్రత్యేకించి చెబుతుంది. ఈ ముగ్గురి శైలీభేదాన్ని తరగతిలో వివరించేటప్పుడు అధ్యాపకులు నేటికీ ఈ మాటలనే ఆశ్రయిస్తున్నారు.

వెక్కిరింతకు ప్రసిద్ధ ఉదాహరణ ‘అమవసనిసి’ వృత్తాంతం. పెద్దన తన పద్యంలో ‘అమావాస్య’ను ‘అమవస’గా, ‘నిశి’ని ‘నిసి’గా మార్చి సమాసం చేశాడు. దానికి రామకృష్ణుడు చెప్పినట్లు ప్రచారంలో ఉన్న కందంలో మాటలు ఒకదాని వెంట ఒకటి వత్తులు పోగొట్టుకుంటాయి. ‘కవిత్వం’ రూపు చెడుతుంది, ఉమ్మెత్తకాయ చిక్కిపోతుంది, చివరకు అల్లసాని పెద్దన పేరులోనూ ద్విత్వాలు మిగలవు. దోషానికి లక్షణం చెప్పే పని పెట్టుకోకుండా, దాన్ని హద్దు దాటించి చూపడమే ఇక్కడి విమర్శ పద్ధతి. పదాన్ని వికృతి చేసుకునే స్వేచ్ఛ కవికి ఎంతవరకు ఉంటుందన్న వ్యాకరణ ప్రశ్న ఈ నవ్వులో ఇమిడి ఉంది.

ఇటువంటి కథలను కవుల జీవితచరిత్రకు నేరుగా ఆధారం చేసుకోరాదు. చాటుకథ కాలభేదాన్ని పాటించదు. కాళిదాస భవభూతులను భోజుని సభలో కూర్చోబెట్టిన భోజప్రబంధమే అందుకు సాక్ష్యం. వేటూరి ప్రభాకరశాస్త్రి (1888–1950) ‘చాటుపద్యమణిమంజరి’గా కూర్చిన పద్యాలు ముఖ్యంగా పాఠకసమాజపు జ్ఞాపకాన్ని భద్రపరిచాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 1998లో వెలువరించిన ఆంగ్ల గ్రంథంలో చాటువులను పరస్పరం ముడిపడిన వ్యవస్థగా పరిశీలించారు. ఆ దృష్టితో చూస్తే, పై కందాన్ని నిజంగా రామకృష్ణుడే చెప్పాడా అన్న ప్రశ్నకంటే, తరతరాల పాఠకులు దానిని ఎందుకు నిలుపుకున్నారన్న ప్రశ్న ఎక్కువ ఫలవంతం.

అచ్చు వచ్చాక కర్తృత్వం స్థిరపడింది. పద్ధతి మాత్రం కొనసాగింది. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి తన పేరడీలలో శ్రీశ్రీ లయను, పదబంధాలను అనుకరిస్తూనే నవ్వించాడు. శైలిని లోతుగా పట్టుకోనివాడు పేరడీ రాయలేడు గనుక అక్కడ మెప్పు, ఎగతాళి ఒకే వాక్యంలో కలిసిపోయాయి. ఆరుద్ర ‘కూనలమ్మ పదాలు’ మూడు చిన్న ప్రాసపాదాలలో ఇజాలనూ చురకపెట్టాయి. శ్రీశ్రీ స్వయంగా ‘సిరిసిరిమువ్వ’ కందాలను, ‘ప్రాసక్రీడలు’, ‘లిమఋక్కుల’ను రాశాడు. ఈ మూడింటి తొలి అక్షరాలే ‘సిప్రాలి’ అయ్యాయి.

ఆధునిక తెలుగు విమర్శను చెప్పేటప్పుడు కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ (1914)కు ప్రముఖ స్థానం ఇవ్వడం సమంజసమే. కానీ అంతకుముందు తెలుగువారు కావ్యాన్ని తూచలేదన్న భావానికి అది దారితీయకూడదు. వారి తీర్పులు చాలావరకు పద్యరూపంలో, నోటిమీద నిలిచి ఉన్నాయి. విమర్శ చరిత్ర పాఠ్యప్రణాళికలో చాటువుకు ఒక అధ్యాయం కేటాయిస్తే ఆ తీర్పులు మళ్లీ వినబడతాయి.