శాస్త్రమున వినోదనామములు

పేరు రెండు తెఱగుల పుట్టునని మన శబ్దశాస్త్రజ్ఞులు చెప్పిరి. గుణమునుబట్టియో క్రియనుబట్టియో ఏర్పడునది యౌగికము. వాటితో నిమిత్తము లేక వాడుకచే నిలిచిపోవునది రూఢము. వండువానిని పాచకుడనుట మొదటిదానికిని, కుండను ఘటమనుట రెండవదానికిని ఉదాహరణములు. ఇటీవలి పాశ్చాత్యశాస్త్రజ్ఞులు ఈ రెంటికి తోడుగా మఱియొక తెఱగును ప్రవేశపెట్టిరి. తాము కనుగొన్న కణమునకో, శిలాస్థికో, జన్యువునకో తమ కాలపు పాటనుండియు, కథనుండియు, తుదకు పిల్లల ఆటనుండియు పేరు తెచ్చి పెట్టిరి. వీటిని వినోదనామములనవచ్చును. ఇవి పుట్టిన విధమును, వీటివలన కలిగిన మేలుకీళ్లును తెలిసికొనదగియున్నవి.

1964వ సంవత్సరమున అమెరికాదేశపు భౌతికశాస్త్రజ్ఞుడు మరే గెల్మన్, పరమాణుగర్భమందలి ప్రోటానును న్యూట్రానును మూడేసి సూక్ష్మకణములతో ఏర్పడినవని ప్రతిపాదించెను. ఆ కణమునకు ఆయన పెట్టిన పేరు క్వార్కు. ఆ ధ్వని మొదట ఆయన మనసున ఊరక తోచినది. పిదప ఐర్లండు రచయిత జేమ్సు జాయిసు 1939లో ప్రకటించిన ‘ఫినెగన్స్ వేక్’ అను గ్రంథమును తిరుగవేయుచుండగా ఆ మాటయే, మూడన్న సంఖ్యతో గూడి, కంటబడెను. కణములును మూడే గనుక పేరు స్థిరపడెను. అదే సంగతిని అదే కాలమున వేఱుగా ఊహించిన జార్జి జ్వైగు వాటికి పేకముక్కలలోని ఆసుల పేరు పెట్టెను. ఆసులు మఱుగుపడినవి, క్వార్కులు మిగిలినవి.

1974 నవంబరు 24వ తేదీన ఇథియోపియాదేశమున హదారు అనుచోట డోనాల్డు జోహాన్సన్ సుమారు 32 లక్షల యేండ్లనాటి స్త్రీకంకాళమును కనుగొనెను. దేహపుటెముకలలో నూటికి నలువదివంతు దొరకెను. ఆ రాత్రి పరిశోధకుల శిబిరమున బీటిల్సు గాయకుల పాట యంత్రముపై మ్రోగుచుండెను. ఆ పాటలోని యువతి పేరు లూసీ. మఱునాటినుండి ఆ కంకాళమును లూసీ యయ్యెను. 1978లో ఆ జాతికి పొడుగైన శాస్త్రీయనామము నిర్ణయింపబడినను లోకమునకు తెలిసినది లూసీయే. అయితే ఇథియోపియావారు తమ అమ్హారికుభాషలో ఆమెను డింకినేష్ అని పిలుచుకొందురు. నీవు అద్భుతమవని దానికి అర్థము. తమ నేలలో దొరకిన ఆదిమస్త్రీకి తమ భాషలో పేరుండవలెనని వారు కోరుట సహజమే కదా!

కణమునకుగాని, లక్షల యేండ్లక్రిందట గతించిన జీవికిగాని ఏ పేరు పెట్టినను నొచ్చుకొనువారు లేరు. జన్యువుల విషయము అట్టిది కాదు. తల్లిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించి దేహనిర్మాణమును శాసించు సూక్ష్మాంశమునకు జన్యువని పేరు. పండ్లపై ముసురు చిన్న యీగ ఈ శాస్త్రమునకు పెద్ద ఆధారము. ఒక జన్యువు చెడినపుడు ఈగకు కలుగు వికారమునుబట్టి ఆ జన్యువునకు పేరు పెట్టుట పరిశోధకుల ఆచారము. ఒక జన్యువు చెడినచో ఈగకు గుండెయే ఏర్పడదు. ‘ఓజ్ మాంత్రికుడు’ అను పిల్లల కథయందు గుండెకొఱకు దేవులాడు రేకుమనిషి యొకడు కలడు. కావున ఆ జన్యువు పేరు ‘టిన్‌మన్’ అయ్యెను.

జర్మనీదేశపు హైడల్‌బర్గు నగరమున క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డు అను విదుషియు, ఎరిక్ వీషాసును కలిసి ఈగ పురుగుదశయందు దేహము ఖండములుగా విడివడు విధమును శోధించి, అందుకు కారణములైన 15 జన్యువులను 1980లో ప్రకటించిరి. వీరికి ఎడ్వర్డు లూయిసుతో గూడ 1995లో నోబెలు బహుమానము లభించెను. ఆ జన్యువులలో ఒకటి చెడినపుడు పురుగు కుఱుచయై, నున్నగా ఉండవలసిన తావులందును చిఱుముండ్లతో నిండిపోయెను. అది హెడ్జిహాగును తలపించెను. హెడ్జిహాగనగా ముండ్లపందికంటె మిక్కిలి చిన్నదై, వీపంతయు ముండ్లు గల జంతువు. జన్యువునకు ఆ పేరే పెట్టిరి.

1993లో వెన్నెముక గల ప్రాణులయందును ఈ జన్యువునకు సాటియైనవి మూడు దొరకెను. రెంటికి నిజమైన హెడ్జిహాగు జాతుల పేర్లే పెట్టిరి. ఒకటి ఎడారి హెడ్జిహాగు, మఱొకటి మన దేశపు మెట్టప్రాంతములయందు సంచరించు భారతీయ హెడ్జిహాగు. మూడవదానికి హార్వర్డు విశ్వవిద్యాలయమున క్లిఫర్డు టాబిన్ ప్రయోగశాలలోని రాబర్టు రిడిల్ ‘సానిక్ హెడ్జిహాగు’ అని పేరిడెను. జపానుదేశపు సేగా సంస్థ 1991లో విడుదల చేసిన వీడియో ఆటయందు మెఱుపువేగమున పరుగిడు నీలివర్ణపు హెడ్జిహాగు పేరది.

పేరు ఆటదే కాని జన్యువు చేయు పని ఆట కాదు. గర్భస్థశిశువు చేయి మొలకగా ఉన్నపుడు, చిటికెనవ్రేలు రావలసిన ప్రక్కనుండి ఈ జన్యువుచే పుట్టిన మాంసకృత్తు వ్యాపించును. దాని పాలు ఎక్కువైనచోట చిటికెనవ్రేలును, తగ్గినకొలది తక్కిన వ్రేళ్లును క్రమముగా ఏర్పడును. మెదడు రెండర్ధములుగా విడివడుటకును, కన్నులు రెండగుటకును ఇదియే ఆధారము. ఈ జన్యువు చెడుటవలన మనుష్యశిశువులందు మెదడు విడివడని వ్యాధి కలుగునని 1996లో తేలెను. ఈ వ్యాధికి ఇతరకారణములును కలవు. ఇది సుమారు పదివేల జననములకు ఒకటి చొప్పున కానవచ్చును. మిక్కిలి తీవ్రమైనచో శిశువు ఒకే కన్నుతో జనించి బ్రతుకకుండును.

ఇక్కడనే వినోదనామమునకు పరీక్ష యేర్పడినది. బిడ్డను ఒడిలో పెట్టుకొని కారణమడుగు తల్లికి వైద్యుడేమని చెప్పవలెను? పిల్లలాడుకొను బొమ్మ పేరు గల జన్యువు నీ బిడ్డయందు చెడినదని చెప్పవలసివచ్చెను. ప్రయోగశాలయందు నవ్వు పుట్టించిన మాట ఆ గదిలో ములుకువలె నాటును. ‘లూనటిక్ ఫ్రింజ్’ అను మఱొక జన్యువు చెడినచో వెన్నెముకయు ప్రక్కటెముకలును వికృతములగును. ఆ పేరునందు ఉన్మాదమన్న అర్థము కలదు. రోగి మనసునకా దోషమేమియు లేదు. వైద్యులు ఈ ఇబ్బందిని విన్నవించుకొనగా, మానవజన్యువులకు నామనిర్ణయము చేయు సంఘము 2006లో ఇట్టి పేర్లను పునర్విచారణకు తీసికొనెను. ఉన్మాదమన్న మాట కాలక్రమమున అధికారికనామమునుండి తొలగినది. సానిక్ అను పేరు మాత్రము నిలిచినది. అయినను వైద్యులు తఱచుగా ఎస్.హెచ్.హెచ్. అను మూడక్షరములతో పని గడుపుకొందురు. మనుష్యులయందు టిన్‌మన్‌కు సాటియైన గుండె జన్యువునకు మొదటినుండియు అక్షరములు, అంకెలు గల పొడిపేరే ఉండుటచే ఈ చిక్కు రాలేదు.

ఈ చరిత్రయందే విచారింపదగిన సంగతి మఱొకటి కలదు. 2005లో న్యూయార్కు పరిశోధకులు పుట్టకురుపునకు తోడ్పడు జన్యువొకదానికి ‘పోకేమాన్’ అను పేరు వచ్చునట్లు అక్షరములు కూర్చిరి. అది పిల్లల ఆటలయందును చిత్రములయందును ప్రసిద్ధమైన పేరు. తమ పేరు పుట్టకురుపుతో ముడిపడుటకు ఆ సంస్థవారు ఒప్పుకొనక వ్యాజ్యమాడుదుమని బెదరింపగా పరిశోధకులు వెంటనే ఆ పేరును విడిచిరి. సొత్తు గలవారి మాట ఒక్కయేటిలో చెల్లెను. ఒడిలో బిడ్డ గల తల్లుల పక్షమున అడుగుటకు పదేండ్లు పట్టెను.

అట్లని వినోదమంతయు దోషమనరాదు. 1950 ప్రాంతమున అమెరికాలోని ఐడహోరాష్ట్రమున ఒంటికంటి గొఱ్ఱెపిల్లలు విశేషముగా పుట్టి కాపరులు నష్టపడిరి. ప్రభుత్వ వ్యవసాయశాఖవారు ఏండ్లతరబడి పరిశోధించి, చూలుగొఱ్ఱెలు పదునాలుగవ దినప్రాంతమున ఒకవిధమగు అడవిమొక్కను మేయుటయే కారణమని కనుగొనిరి. ఆ మొక్కలోని విషద్రవ్యమునకు హోమరు మహాకవి కావ్యమందలి ఒంటికంటి రాక్షసుడైన సైక్లోప్సు పేరిట సైక్లోపమీన్ అని పేరిడిరి. అది హెడ్జిహాగు జన్యువుల పనిని ఆపుచున్నదని 1998లో తేలెను. ఆ త్రోవనే సాగి, చర్మపు పుట్టకురుపునకు విస్మోడెగిబ్ అను ఔషధమును సిద్ధముచేయగా 2012లో అమెరికాలో అనుమతి లభించెను. ఈ పేరు చేసిన మేలును గుర్తింపవలెను. సైక్లోపమీన్ అనగానే గొఱ్ఱెపిల్ల కన్ను తలపునకు వచ్చును. పేరు విషయమును జ్ఞాపకముంచుచున్నది.

ఉల్లాసమును ఔచిత్యమును ఒకచోట కలిసిన ఉదాహరణములు మన గోదావరీతీరమున కలవు. 1958 మొదలుకొని 1961 వఱకు పోచంపల్లి అను గ్రామప్రాంతమున, సిరోంచకు దక్షిణముగా, కలకత్తా భారతీయ గణాంకసంస్థవారు కోట్ల యేండ్లనాటి మహాసరీసృపముల యెముకలను త్రవ్వితీసిరి. తొడయెముక అయిదడుగులకు మించియుండెను. వంగభాషలో ‘బడో పా’ యనగా పెద్దకాలు. 1961 రవీంద్రుని శతజయంతి సంవత్సరము. కావున 1975లో ఆ జంతువును బరపసారస్ టాగొరై అని ప్రకటించిరి. పిమ్మట 1988లో మఱొక మహాసరీసృపమునకు అది దొరకిన శిలాస్తరముపేరును, యామనపల్లి గ్రామముపేరును కలిపి కోటసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరిడిరి. దాని కంకాళము హైదరాబాదు బిర్లా విజ్ఞానప్రదర్శనశాలయందున్నది. ఒక కుగ్రామము పేరు ఇట్లు లోకమందలి శాస్త్రగ్రంథములకెక్కెను. ఇందు నవ్వును గౌరవమును కలవు. నొచ్చుకొనువారు మాత్రము లేరు.

కాశ్మీరదేశపు క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దిలో కావ్యమునకు ఔచిత్యమే ప్రాణమని సిద్ధాంతీకరించెను. అది నామకరణమునకును చెల్లును. వేళాకోళమునకు పుట్టిన పొలము పేరైనను ఒకసారి దస్తావేజునకెక్కినచో మునిమనుమల కాలమునను మాఱదని పల్లెవాసులెల్లరు ఎఱుగుదురు. శాస్త్రనామములును అట్టివే. పెట్టినవారు నవ్వి మఱతురు; మోయువారు మఱియొకరు. పేరు పెట్టు విద్వాంసుడు తన సహచరుల నవ్వుతోబాటు ఎన్నడో ఎచటనో ఆ పేరు వినబోవు తల్లి ముఖమును గూడ తలచుకొనినచో, వినోదమునకు లోపము రాదు, విజ్ఞానమునకు గౌరవము పెరుగును.