నేతికుండ, దీపపు వత్తి, ఎలుక

పవిత్ర ఖుర్ఆన్‌లో చీమ ఉంది, తేనెటీగ ఉంది, సాలెపురుగు, దోమ, ఈగ ఉన్నాయి. ఎలుక లేదు. సబా జాతి ఆనకట్ట తెగి వరద ముంచెత్తిన వృత్తాంతం 34వ సూరాలో వస్తుంది. ఆ కట్టను ఎలుక తొలిచిందన్న కథ మాత్రం వ్యాఖ్యాతలు చేర్చింది. యెమెన్‌లోని మారిబ్ ఆనకట్ట శతాబ్దాలపాటు పూడుతూ, తెగుతూ, మరమ్మతులు పొందుతూ వచ్చిందని అక్కడి శిలాశాసనాలు చెబుతున్నాయి. క్రీ.శ. 548లో అబ్రహా చేయించిన మరమ్మతు వివరాలు కూడా శాసనంలో నేటికీ ఉన్నాయి. ఒక రాజ్యం శిథిలమవుతుంటే నెపం ఎలుక మీద వేయడం కథకులకు సులువు.

హదీసుల సంగతి వేరు. అక్కడ ఎలుక సామాన్యుల ఇంట్లోనే, వంటపాత్రల మధ్యనే తిరుగుతూ కనిపిస్తుంది. అరేబియా ఇళ్ళలో ఆనాడు ఖర్జూరపు మట్టలతో కప్పిన పైకప్పులు, నేల మీద చాపలు ఉండేవి. రాత్రి వెలుగుకు నూనె దీపం. వత్తికి నూనె పట్టి ఉంటుంది కాబట్టి ఎలుకకు అది ఆహారమే. హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసులో దైవప్రవక్త (స) పడుకునే ముందు చేయవలసిన పనులు చెబుతూ పాత్రలపై మూతలు పెట్టమనీ, నీటి తిత్తుల మూతులు కట్టమనీ, తలుపులు వేయమనీ, దీపాలు ఆర్పమనీ ఆదేశించారు. చివరిదానికి కారణం కూడా చెప్పారు. ఎలుక వత్తిని లాక్కుపోయి ఇంటిల్లిపాదినీ కాల్చివేయవచ్చు. ఇది ఊహించి చెప్పిన మాట కాదని అబూదావూద్‌లోని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖనం తెలుపుతుంది. ఒక రాత్రి ఎలుక మండుతున్న వత్తిని ఈడ్చుకొచ్చి దైవప్రవక్త (స) కూర్చున్న చాప మీదనే పడవేసింది. చాప దిర్హమ్ నాణెమంత మేర కాలిపోయింది.

ఈ హదీసులో ఎలుకకు వాడిన పేరు ‘ఫువైసిఖా’. ‘ఫాసిఖ్’ అన్న పదానికి అది చిన్నతనాన్ని సూచించే రూపం. మన ఉపన్యాసాల్లో ఫాసిఖ్ అంటే పాపాత్ముడన్న అర్థమే స్థిరపడింది. అరబ్బీ నిఘంటుకారులు మాత్రం, పండిన ఖర్జూరం తొక్క చీల్చుకుని బయటికి రావడాన్ని కూడా ఈ ధాతువుతోనే చెబుతారు. తన హద్దు దాటి బయటపడేదని మూలార్థం. కలుగు విడిచి మనిషి గాదెలోకి వచ్చిన ప్రాణికి ఈ పేరు ఎంత చక్కగా అమరిందో చూడండి. హజ్ యాత్రికుడు ఇహ్రామ్ ధరించాక వేటాడరాదు. అయినా, హరమ్ పరిధిలో సైతం చంపదగిన ఐదు ప్రాణులను హదీసు పేర్కొన్నది: కాకి, గద్ద, తేలు, ఎలుక, కరిచే కుక్క. హజ్రత్ ఆయిషా (రజి), హజ్రత్ హఫ్సా (రజి), హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) దీనిని ఉల్లేఖించారు.

చంపవచ్చునన్నంత మాత్రాన ఎలాగైనా చంపవచ్చునని కాదు. అగ్నితో శిక్షించే అధికారం అగ్నికి ప్రభువైన అల్లాహ్‌దేననీ, చంపవలసి వస్తే మంచి పద్ధతిలో చంపాలనీ వేరే హదీసులున్నాయి. బోనులో పడిన ఎలుకపై కిరసనాయిలు పోసి నిప్పంటించే వేడుకకూ, జిగురు అట్టకు అంటుకున్నదాన్ని రెండు రోజులు కొట్టుకోనివ్వడానికీ ఈ హదీసుల్లో చోటు లేదు.

ఇక నేతికుండ విషయం. ఎలుక గురించి ధర్మశాస్త్రవేత్తలు అన్నిటికంటే ఎక్కువ చర్చించింది దీనినే. నేటి పాఠకునికి ఇది చాదస్తంగా కనిపించవచ్చు. కాని ఏడాదికి సరిపడా నెయ్యి ఒక్క కుండలో దాచుకున్న కుటుంబానికి ఆ కుండలో ఎలుక పడి చావడం చిన్న నష్టం కాదు. మన ఇళ్ళలో ఉట్టి కట్టింది ఎందుకు? హజ్రత్ మైమూనా (రజి) ఉల్లేఖనం ప్రకారం, నేతిలో పడి చచ్చిన ఎలుకను గురించి అడిగినప్పుడు, దానినీ దాని చుట్టూ ఉన్న నేతినీ తీసి పారవేసి మిగిలినది తినవచ్చునని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. హజ్రత్ అబూహురైరా (రజి) పేర వచ్చిన మరో ఉల్లేఖనంలో ఒక విభజన ఉంది. నెయ్యి పేరి ఉంటే పై విధంగా చేయాలి, కరిగి ఉంటే దాని దరికే పోరాదు.

ఇక్కడే హదీసు విద్వాంసుల సూక్ష్మదృష్టి కనబడుతుంది. రెండవ ఉల్లేఖనాన్ని ఇమామ్ జుహ్రీ నుంచి తెచ్చింది మఅమర్. ఆయన నమ్మదగిన వ్యక్తే. అయినా ఈ సందర్భంలో ఆయన పొరబడ్డారనీ, సరైనది మైమూనా (రజి) ఉల్లేఖనమేననీ ఇమామ్ బుఖారీ అభిప్రాయపడినట్లు ఆయన శిష్యుడు తిర్మిజీ నమోదు చేశారు. అంటే కరిగిన నెయ్యి పారబోయాలా వద్దా అన్నది ఒక్క ఉల్లేఖకుని జ్ఞాపకశక్తి మీద ఆధారపడింది! అధిక సంఖ్యాకులైన ధర్మవేత్తలు పేరిన నేతికీ కరిగిన నేతికీ భేదం పాటించారు. కరిగినది తినరాదన్నప్పటికీ హనఫీలు దానితో దీపం వెలిగించుకోవడానికి, లోపం చెప్పి అమ్ముకోవడానికి కూడా అనుమతించారు. షాఫయీలు దీపానికి సరేనన్నారు, అమ్మకానికి ఒప్పుకోలేదు. 14వ శతాబ్దంలో ఇబ్నె తైమియ్యా మొదటి హదీసునే పట్టుకుని, కరిగిన నెయ్యి అయినా రంగు, రుచి, వాసన మారకపోతే అదే నియమం వర్తిస్తుందని వాదించారు. పేదవాని వంటింటి దృష్టితో చూస్తే ఆయన వాదానికి బలముంది.

బావి విషయంలో హనఫీ గ్రంథాలు మరింత ముందుకు వెళ్ళాయి. మన మదరసాల్లో విద్యార్థులు తొలి ఏళ్ళలోనే చదివే ఖుదూరీలో (గ్రంథకర్త మరణం హి.శ. 428, క్రీ.శ. 1037) లెక్క ఇలా ఉంది. బావిలో ఎలుక పడి చస్తే దానిని తీశాక 20 నుంచి 30 చేదల నీరు తోడాలి. పావురమో, కోడో, పిల్లో అయితే 40 నుంచి 60. మేక, కుక్క, మనిషి అయితే నీరంతా తోడాలి. ఉబ్బితే, చితికితే చిన్నదైనా పెద్దదైనా మొత్తం తోడవలసిందే. ఎప్పుడు పడిందో తెలియని పక్షంలో, ఉబ్బకపోతే ఒక రోజు, ఉబ్బితే మూడు రోజుల నమాజులు తిరిగి చేయాలని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌లు దీనికి ఒప్పుకోలేదు. పడిన సమయం నిశ్చయంగా తెలిసేవరకు ఏ నమాజునూ తిరగచేయనక్కర లేదన్నారు. 20, 30 అన్న అంకెలు ఏ తర్కం నుంచి వచ్చాయని అడిగేవారికి 12వ శతాబ్దపు ‘హిదాయా’ కర్త మర్గీనానీ నిజాయితీగా జవాబిచ్చారు. బావి నియమాలు పూర్వుల నుంచి వచ్చిన ఉల్లేఖనాల మీద ఆధారపడినవేగాని తర్కంతో కట్టినవి కావు.

ఎలుక బెడదకు ఇంటింటా వాడిన మందు పిల్లి. హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ నీటి పాత్రను పిల్లి కోసం వంచి పట్టగా, కోడలు కబ్షా ఆశ్చర్యపోయి చూసిన సంఘటన ఇమామ్ మాలిక్ ‘మువత్తా’లో ఉంది. పిల్లి అపవిత్రం కాదనీ, అది మీ చుట్టూ తిరుగాడేవాటిలో ఒకటనీ దైవప్రవక్త (స) చెప్పిన మాటను ఆయన ఆమెకు వినిపించారు. పిల్లి ముట్టిన పాత్రనల్లా పారబోయవలసి వస్తే పిల్లిని ఇంట్లో ఎవరుంచుకుంటారు? ఎలుకల రాజ్యమే మిగులుతుంది.

ఎలుకలున్న ఇల్లు కలిగిన ఇల్లు అన్న భావన కూడా అరబ్బీ సాహిత్యంలో ఉంది. దాతృత్వానికి పేరుపడిన అన్సారీ నాయకుడు ఖైస్ బిన్ సఅద్ (రజి) వద్దకు ఒక వృద్ధురాలు వచ్చి, తన ఇంట ఎలుకలు తక్కువైపోయాయని మొరపెట్టుకుంది. గింజ లేని ఇంటికి ఎలుక రాదు కదా. ఎంత చక్కగా అడిగిందని ఆయన మెచ్చుకుని, ఆమె ఇల్లు రొట్టెతో, మాంసంతో, నేతితో, ఖర్జూరాలతో నింపించారు. చేయి చాపకుండా ఆకలి చెప్పుకున్న ఆ ముసలమ్మ పేరు చరిత్రకెక్కలేదు.

ఇంతవరకు ఎలుక దొంగ, ఇల్లు కాల్చేది, నెయ్యి చెరిపేది. దాని అసలు ప్రమాదం వీటన్నిటికంటే పెద్దది. ఇబ్నె సీనా (మరణం 1037) తన ‘ఖానూన్’లో మహమ్మారి రాకకు సూచనలు చెబుతూ, భూగర్భంలో ఉండే ఎలుకల వంటి ప్రాణులు పైకి పారిపోయి వస్తాయన్నాడు. చెడిన గాలే రోగకారణమని నమ్మిన వైద్యుడు కాబట్టి ఎలుకను ఆయన సూచనగా చూశాడేగాని కారణంగా చూడలేదు.

ఆరు వందల ఏళ్ళ తర్వాత హిందూస్థాన్‌లో దీనికి కళ్ళకు కట్టే సాక్ష్యం దొరికింది. 1619 తొలి నెలల్లో ఆగ్రాలో ప్లేగు ఉండడం వల్ల జహంగీర్ చక్రవర్తి ఫతేపూర్‌లో ఆగిపోయాడు. అప్పుడు దివంగత ఆసఫ్‌ఖాన్ కుమార్తె చెప్పిన సంగతిని తన స్వీయచరిత్రలో రాసుకున్నాడు. (ఈ ఆసఫ్‌ఖాన్ నూర్జహాన్ సోదరుడు కాడు. అదే బిరుదు పొందిన పూర్వపు వజీరు.) వారి ఇంటి ముంగిట ఒక ఎలుక తాగినదానివలె పడుతూ లేస్తూ అటూ ఇటూ పరుగెత్తింది. దాని తోక పట్టుకుని పిల్లికి వేయమని ఆమె ఒక దాసీపిల్లకు చెప్పింది. పిల్లి ఆత్రంగా నోట కరచుకుని, వెంటనే అసహ్యంతో వదిలివేసింది. మరునాటికి పిల్లి చావుకు సిద్ధమైంది. దానికి విషహరమైన తిర్యాఖ్ పట్టించారు. నోరు తెరిచి చూస్తే నాలుక, అంగుడి నల్లబడి ఉన్నాయి. మూడు రోజులకు కాస్త కోలుకుంది. ఆ తర్వాత ఇంట్లోని ఒక దాసీకి ప్లేగు గడ్డ లేచింది. విపరీతమైన జ్వరంతో ఆమె చనిపోయింది. ఎనిమిది తొమ్మిది రోజుల్లో ఆ ఇంట 17 మంది పోయారు.

చూసినదంతా వరుస తప్పకుండా చెప్పిన ఆ స్త్రీని మెచ్చుకోవలసిందే. ఎలుక, పిల్లి, దాసీ, ఇల్లు అన్న క్రమం ఆమె మాటల్లోనే ఉంది. 1616లో పంజాబులో చెలరేగిన ఇదే రోగాన్ని గురించి ముతమిద్‌ఖాన్ ‘ఇఖ్బాల్‌నామా’లో మరొక మాట రాశాడు. రోగం రాబోయేముందు ఎలుక పిచ్చెక్కినట్లు కలుగులోంచి వచ్చి తలుపులకూ గోడలకూ కొట్టుకుని చస్తుంది. ఆ సూచన చూసి ఇల్లు విడిచి అడవికి పోయినవారు బతికారు, పోనివారు ఊరు ఊరంతా నశించారు.

ఇక్కడ విశ్వాసికి ఒక ధర్మసంకటం ఎదురవుతుంది. ప్లేగు ఉన్న ప్రదేశానికి వెళ్ళవద్దనీ, మీరున్న చోట వస్తే పారిపోవద్దనీ హదీసు ఉంది. మరి ఇల్లు విడవడం పారిపోవడమా? హి.శ. 18లో (క్రీ.శ. 639) పాలస్తీనాలోని అమ్‌వాస్‌లో మొదలైన ప్లేగు హజ్రత్ అబూ ఉబైదా (రజి)ను, హజ్రత్ ముఆజ్ (రజి)ను కబళించింది. అనంతరం నాయకత్వం వహించిన హజ్రత్ అమ్ర్ బిన్ ఆస్ (రజి) ప్రజలను కొండల్లోకి చెదిరిపొమ్మన్నారు. దానిని కొందరు సహాబీలు ఆక్షేపించారు. ఖలీఫా ఉమర్ (రజి) మాత్రం తప్పుపట్టలేదు. ఊరి పొలిమేరలో గాలి ఉన్న చోటికి జరగడం, దూరదేశానికి రోగం మోసుకుపోవడం ఒకటి కావని గ్రహించడానికి ఈ సంఘటన చాలు.

1896 సెప్టెంబరులో ప్లేగు బొంబాయికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న మళ్ళీ లేచింది. 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ రోగక్రిమిని కనుగొన్నాడు. అయినా అధికారులు మురికినీ గాలినీ అనుమానిస్తూ ఇళ్ళలో కార్బాలిక్ ద్రావకం చల్లించారు, కప్పులు విప్పించారు, స్త్రీలను సైతం శరీర పరీక్ష చేయించారు. 1898 మార్చి 9న మదన్‌పురాలో జులాహా ముస్లిం నేతగాళ్ళ ఇంటి బాలికను ఆస్పత్రికి తరలించబోగా అల్లర్లు రేగాయి. పర్దా భంగమన్న ఆగ్రహం న్యాయమైనదే. మరోవైపు ప్రభుత్వం ఎవరి ఇంటి తలుపు పగలగొట్టిందో ఆ ఇంటి ఎలుక పక్కింటికి పోయింది.

సరిగ్గా ఆ ఏడాదే, జూన్ 2న, కరాచీలో పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒక పెద్ద సీసాలో జబ్బు ఎలుకనూ, అది తాకలేకుండా జాలీకి అవతల ఆరోగ్యమైన ఎలుకనూ ఉంచాడు. మొదటిది చచ్చింది. కొద్ది రోజుల్లో రెండవది కూడా ప్లేగుతో చచ్చింది. వాటి మధ్య రాకపోకలు చేయగలిగినది మిన్నల్లి మాత్రమే. ఎలుక చచ్చి శరీరం చల్లబడగానే మిన్నల్లి వెచ్చని రక్తం కోసం మరో ప్రాణిని, చివరకు మనిషిని వెతుక్కుంటుంది. తోటి వైద్యులు చాలా ఏళ్ళు ఆయనను నమ్మలేదు. 1905 తర్వాత బొంబాయిలో లిస్టన్ ప్రభృతులు ఇళ్ళలో గినీపందులను వదిలి, వాటికి పట్టిన మిన్నల్లులను పరీక్షించాకగాని సంగతి రుజువు కాలేదు. ఈలోగా, ఆ తర్వాత, ఈ దేశంలో ప్లేగుకు బలైనవారు కోటికి పైమాటే.

హైదరాబాదు నగరాన్ని ప్లేగు 1911లో గట్టిగా తాకింది. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలను తొలగించి, గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టించడం మొదలుపెట్టింది. దక్కను పల్లెల్లో మాత్రం ఏ బోర్డూ లేదు. అటక మీద నుంచి ఎలుక రాలిపడితే తట్టాబుట్టా సర్దుకుని, ఇంటికి తాళం వేసి, పొలాల్లో పాకలు వేసుకుని కొన్ని వారాలు గడిపేవారు. పంజాబు పల్లెవాసులు 1616లో చేసిన పని అదే.