వాడలో వాక్యం – 6: పాఠం ముందా, వాక్యం ముందా?



సండే స్కూల్లో, యువజన కూడికల్లో బైబిలు పాఠం చెప్పే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ మనలో చాలామంది ఉన్నారు. ఈ భాగం వాళ్ళ కోసం. పాఠానికి నడుమ వాక్యం ఉండాలి, మనం చెప్పే నీతి దాని వెనక నడవాలి అంటున్నాను. ఇది భక్తి సలహా కాదు. మన చరిత్ర నేర్పిన సంగతి.

ఒంగోలుకు పోదాం. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడికి చేరాడు. మాదిగలు ఆయన దగ్గరికి రావడం మొదలైంది. వాళ్ళలో ముందు నిలిచినవాడు తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య. అదే రోజుల్లో పెద్దకులాల వాళ్ళూ వస్తామన్నారు. షరతు ఒక్కటే: అంటరానివాళ్ళను చేర్చుకోకూడదు. మిషన్ లెక్కలో అది లాభసాటి బేరమే. చదువూ, పలుకుబడీ ఉన్నవాళ్ళు వస్తే దొర పని తేలికవుతుంది.

ఏం చెయ్యాలో తోచక బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనబడిందని క్లౌ చెప్పుకున్నాడు. దేవుడు ఎంచుకున్నది ఘనులను కాదు, లోకం లెక్కచెయ్యని వాళ్ళను అని చెప్పే చోటు అది. వేరే గదిలో ఉన్న భార్య హారియట్ కూడా అదే భాగం తెరిచిందట. అది మహిమా, కాకతాళీయమా అన్న చర్చ నాకు అక్కర్లేదు. దొర సౌకర్యం ఒకవైపు, పుస్తకంలో మాట ఒకవైపు నిలబడ్డాయి. మాట గెలిచింది. మాదిగవాడకు తలుపు మూసుకోలేదు.

తర్వాత 1876–78 కరువు వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని క్లౌ కంట్రాక్టుకు తీసుకున్నాడు. వేలమంది కూలికొచ్చారు. బోధకులు వాళ్ళ మధ్య కూర్చుని వాక్యం వినిపించారు. అక్షరం రానివాళ్ళు చెవితోనే చదువుకున్నారు. భారం మోసి అలసినవాళ్ళను పిలిచే మత్తయి సువార్త మాటకు నెత్తిన మట్టితట్ట ఉన్నవాడి దగ్గర వ్యాఖ్యానం ఎందుకు? కరువు పని నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

ఇప్పుడు దీనికి ఎదురు ఉదాహరణ చూడండి. 1807లో లండన్‌లో వెస్టిండీస్ నల్లజాతి బానిసల కోసమని ఒక బైబిలు అచ్చయింది. అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైన కథ లేదు. దాసుడు, స్వతంత్రుడు అన్న తేడా లేదని గలతీయులకు పౌలు రాసిన మాట లేదు. దాసులు యజమానులకు లోబడాలన్న ఎఫెసీ మాట మాత్రం భద్రంగా ఉంది. యజమాని భయపడింది ఉపదేశానికి కాదు, పూర్తి పుస్తకానికి.

కత్తెర పట్టకుండానే ఆ పని మనమూ చేస్తున్నాం. మోషే పాఠంలో సముద్రం చీలడం చెప్తాం. గడ్డి ఇవ్వకుండా అన్నే ఇటుకలు చెయ్యమన్న ఫరో ఆజ్ఞ వదిలేస్తాం. ఇటుక బట్టీకి వలసపోయిన తల్లిదండ్రుల పిల్లలు మన ముందే కూర్చుని ఉంటారు! నాబోతు ద్రాక్షతోట కథ భూమి లాక్కోవడం గురించి. యాకోబు పత్రిక అయిదో అధ్యాయం కూలి ఎగ్గొట్టడం గురించి. ఇవన్నీ దాటేసి, "పిల్లలూ, పెద్దల మాట వినాలి" అని ముగిస్తాం.

అందుకే నా మాట: ముందు అధ్యాయం మొత్తం బయటికి చదవండి. పిల్లలతో చదివించండి. ఎవరు మాట్లాడారు, ఎవరికి నోరు లేదు, పని ఎవరిది, పంట ఎవరిది అని అడగండి. ఆ తర్వాతే మీ మాట చెప్పండి. దాసులు లోబడాలన్న వాక్యాన్నీ దాచకండి. దాన్ని ఎవరు, ఎవరి మీద, ఎందుకు వాడారో చెప్పండి. దాచిన వాక్యం రేపు ఇంకొకడి చేతిలో కర్ర అవుతుంది.

వేదం వింటేనే నేరమన్న నేల మీద మనవాళ్ళ చేతికి ఒక పుస్తకం అందింది. దాన్ని పిల్లల చేతుల్లోంచి తీసి మన నీతివాక్యం పెడితే, మళ్ళీ కొత్త పూజారులం అవుతాం.

వచ్చే భాగంలో వాడవాడా తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీల గురించి.