వారమునకొక పెన్నీ

లండను నగరములో 1762 లో ఈక్విటబుల్ అను జీవిత బీమా సంఘము వెలసెను. ఈ సంఘమునకు ఏజెంట్లు లేరు. ఎవరికిని కమీషను లేదు. కావలసినవారు తామే కార్యాలయమునకు వచ్చి, తమ వయస్సు, ఆరోగ్యము తెలిపి, పాలసీ తీసికొని పోవలెను. అట్లు వచ్చినవారు సహజముగా చదువు, సంపద గలవారు. నూరేండ్లు గడచుసరికి అదే దేశములో బొగ్గుగని కూలీ గుమ్మమందు, బట్టల మిల్లు పనివాని గుమ్మమందు ప్రతి వారము ఒక మనిషి నిలిచి, ఒక పెన్నీ పుచ్చుకొని, చిన్న పుస్తకములో వ్రాసి, ప్రక్క యింటికి పోవుచుండెను. బీమా కార్యాలయమే ఇంటికి నడచివచ్చినదన్నమాట. ఆ నడకకు ఎంత ఖర్చయినది, దానిని ఎవరు భరించిరి అనునది తెలిసికొనదగిన విషయము.

బీమాకు ఆధారమైన గణితము అప్పటికే సిద్ధముగా నుండెను. తోకచుక్క పేరుతో మనకు తెలిసిన ఎడ్మండ్ హేలీ, బ్రెస్లా పట్టణపు (అది నేడు పోలండులో కలదు) జనన మరణ లెక్కలను పరిశీలించి, ఏ వయస్సువారిలో ఏటా ఎందరు మరణింతురో తెలుపు పట్టికను 1693 లో ప్రకటించెను. దాని ఉపయోగము ఒక చిన్న లెక్కతో తెలియును. ఒకే వయస్సుగల వేయిమంది ఉన్నారనుకొందము. ఏడాదిలో వారిలో పదిమంది మరణింతురని పట్టిక చెప్పినచో, ఆ పది కుటుంబములకు నూరేసి రూపాయలు ఇచ్చుటకు వేయి రూపాయలు కావలెను. మనిషికొక రూపాయి చాలును. కాని వయస్సు పెరిగినకొలది మరణములు పెరుగును గనుక ఈ రూపాయి రెండగును, ఐదగును, ముసలితనమున కట్టలేనంత అగును. జేమ్స్ డాడ్సన్ అను గణితోపాధ్యాయుడు దీనికి ఉపాయము చెప్పెను. మొదటినుండి చివరివరకు ఒకే మొత్తము కట్టించవలెను. యౌవనములో అవసరమునకు మించి కట్టినది నిలువయై, వార్ధక్యములో తక్కువ పడినదానిని పూరించును. ఈక్విటబుల్ సంఘము ఈ పద్ధతిమీదనే నడచెను. లెక్క చక్కగా కుదిరినది. అయితే ఆ రూపాయి వేయి ఇండ్లనుండి కార్యాలయమునకు ఎట్లు చేరునో హేలీ పట్టిక చెప్పదు.

బీదవారికి బీమా అవసరము లేకపోలేదు. వారి భయము మరియొక రీతిది. 1832 లో బ్రిటిష్ పార్లమెంటు చేసిన శరీరశాస్త్ర చట్టము ననుసరించి, అనాథశాలలలో చనిపోయి, ఎవరును వచ్చి అడుగని శవములను వైద్య విద్యార్థుల కోతకు అప్పగింపవచ్చును. శాస్త్రమునకు దీనివలన మేలు కలిగినమాట నిజమే; కాని ఆ మేలు కొరకు ఎవరి దేహములు పోయినవో చూడవలెను. గౌరవముగా పూడ్చిపెట్టుటకు నాలుగు పౌనులు లేని కుటుంబమునకు ఇది పీడకలగా నుండెను. అందుచేత కార్మికులు తమలో తాము అంత్యక్రియల సంఘములు పెట్టుకొని చిల్లర పోగుచేసుకొనిరి. వీనిలో పెక్కింట ఇరువదేండ్లవాడును అరువదేండ్లవాడును ఒకే చందా ఇచ్చెడివారు. పైన చెప్పిన లెక్క తెలిసినవారికి ఫలితము చెప్పనక్కరలేదు. సభ్యులు ముసలివారగుసరికి పెట్టె ఖాళీ అయ్యెడిది.

1848 లో లండనులో స్థాపింపబడిన ప్రుడెన్షియల్ అను కంపెనీ మొదట ఉన్నవారినే ఆశ్రయించి, అంతగా రాణింపలేదు. 1854 లో అది కార్మికుల వైపు మరలెను. ఈ శాఖను పెంచి పెద్దచేసినవాడు, రెండేండ్ల ముందు లెక్కల ఉద్యోగిగా చేరిన హెన్రీ హార్బెన్. కార్మికునకు కూలి వారమువారము ముట్టును. మూడు నెలల ప్రీమియము ఒక్కసారి కట్టుమన్నచో అంత సొమ్ము అతని ఇంట నిలువదు. కనుక కూలి ముట్టినప్పుడే, ఖర్చుగాకముందే, గుమ్మమువద్ద వసూలు చేయవలెను.

ఇక్కడ లెక్క తలక్రిందులగుట గమనింపదగినది. మామూలు బీమాలో మొదట మొత్తము నిర్ణయించి, దానికి ప్రీమియము ఎంతయో కనుగొందురు. ఇంటింటి బీమాలో పెన్నీ మొదట నిర్ణయమగును. ఈ వయస్సువానికి వారమునకొక పెన్నీతో ఎంత మొత్తము ఇయ్యవచ్చునో పట్టికలో చూతురు. చిన్నవానికి ఎక్కువ, పెద్దవానికి తక్కువ వచ్చును. ఇంటివద్ద ఒక పుస్తకము, ఏజెంటు చేతిలో మరియొక పుస్తకము. వారము వారము రెంటిలోను గుర్తు పడవలెను. డబ్బు ఇచ్చునది సాధారణముగా ఇల్లాలు. ఏ ఇంట బిడ్డ పుట్టినది, ఎవరికి పని పోయినది, ఎవరు దగ్గుచున్నారు – వీధిలోని సంగతులన్నియు ఏజెంటునకు తెలియును. కొత్త పాలసీ అమ్ముటకు ఇంతకన్న గొప్ప సాధనము లేదు.

ఆర్థికమంత్రిగానున్న గ్లాడ్‌స్టన్‌నకు ఈ వ్యాపారము నచ్చలేదు. ప్రభుత్వమే తపాలా కార్యాలయములద్వారా చిన్న పాలసీలు అమ్ముటకు ఆయన 1864 లో చట్టము చేయించెను. ప్రభుత్వము పూచీ, మోసమునకు తావు లేదు. అయినను అది సాగలేదు. 20 పౌనులకు తక్కువ పాలసీ లేకపోవుట ఒక కారణము. అంతకన్న పెద్ద కారణము, తపాలా కార్యాలయము ఎవరి తలుపును తట్టదు. జీతములు వచ్చిన సాయంకాలము చావునుగూర్చి తలచుకొని, తానే బయలుదేరి పోయి ప్రీమియము కట్టువాడు ఏ దేశములోనైనను అరుదు. ఆరు దశాబ్దముల పిదప ఆ పథకము ఆగిపోవువరకు కంపెనీ ఏజెంటునకు అది పోటీ కాలేకపోయెను.

నడచివచ్చువాడు లేనిదే బీమా సాగదని ఇట్లు తేలినది. కాని ఆ నడకలో ఒక కీడు కలదు. పని పోయి నాలుగు వారములు బాకీపడినచో ఏజెంటు ముఖము చాటువేయును, పాలసీ మురిగిపోవును. కట్టిన పెన్నీలు తిరిగిరావు. డాడ్సన్ పద్ధతిలో యౌవనమునాటి అదనపు సొమ్ము నిలువయగునని చెప్పుకొంటిమి. ఆ నిలువ ఎవరిది? అమెరికా గణితజ్ఞుడు ఎలైజర్ రైట్, అది కట్టినవానిదే అని లెక్కలతో వాదించి, మసాచుసెట్స్ రాష్ట్రములో 1861 లో శాసనము చేయించెను. మన దేశపు 1938 నాటి బీమా చట్టము కూడ మూడేండ్లు కట్టిన పాలసీకి సరెండరు విలువను గుర్తించినది. అయితే బీదవాని పాలసీ చాలమారులు మొదటి ఏడాదిలోనే మురిగిపోవును. అప్పటికి నిలువయే ఏర్పడదు. ఉన్నదంతయు కమీషనునకే చాలదు. న్యాయమైన శాసనము కూడ అతనిని చేరలేకపోయెను.

అదే రాష్ట్రములో లూయీ బ్రాండైస్ అను న్యాయవాది (తరువాత సుప్రీంకోర్టు న్యాయమూర్తి) ఈ లెక్క తీసెను. 1905 తో ముగిసిన పదునైదేండ్లలో అక్కడి కార్మికులు వారపు బీమాకు కట్టినది 6 కోట్ల 12 లక్షల డాలర్లకు పైన. వారికి తిరిగి ముట్టినది 2 కోట్ల 18 లక్షలు. మిగిలినదంతయు ఖర్చు కాదు, కొంత నిలువలో నుండును. అయినను తేడా చిన్నది కాదు. ఏజెంట్లు లేకుండ పొదుపు బ్యాంకులే బీమా అమ్మునట్లు ఆయన 1907 లో చట్టము సాధించెను. అది గ్లాడ్‌స్టన్ పథకమువలె నశింపలేదు. చౌకగా, నమ్మకముగా నిలిచెను. కాని వారపు కంపెనీలను మాత్రము త్రోసివేయలేకపోయెను.

ఆ నడక కొంత పుణ్యమును కట్టుకొనినది. 1879 నుండి వారపు వసూళ్లు సాగించిన న్యూయార్కులోని మెట్రోపాలిటన్ కంపెనీ, లిలియన్ వాల్డ్ అను నర్సు సూచనపై 1909 లో పాలసీదారుల ఇండ్లకు నర్సులను పంపసాగెను. ఎవరింట రోగమున్నదో ఏజెంటునకు ముందే తెలియును గదా! పాలసీదారుడు పదేండ్లు ఎక్కువ బ్రతికినచో కంపెనీకి లాభమే. ఈ ఒక్కచోట కంపెనీ స్వార్థము, రోగి క్షేమము ఒకే దారిని నడచినవి. ఆ కంపెనీ ధనసహాయముతోనే 1916 లో ఫ్రామింగ్‌హామ్ అను ఊరిలో క్షయరోగ నివారణ ప్రయోగము మొదలయ్యెను. ఏడేండ్లలో అక్కడ క్షయ మరణములు సుమారు మూడింట రెండు వంతులు తగ్గెను. గుండె జబ్బులపై ప్రసిద్ధమైన పరిశోధన 1948 లో ప్రారంభమైనది కూడ ఆ ఊరిలోనే.

తిరిగి బ్రిటనుకు వత్తము. 1942 లో విలియం బెవరిడ్జ్ తన నివేదికలో ఈ వ్యాపారమును పరిశీలించునాటికి దేశములో పది కోట్లకు పైగా ఇట్టి పాలసీలు ఉండెను. జనసంఖ్య అందులో సగము కూడ కాదు. వసూలైన ప్రతి పౌనులో సుమారు 7 షిల్లింగుల 6 పెన్నీలు నిర్వహణకే పోవుచుండెను. పౌనుకు 20 షిల్లింగులు; అనగా ఎనిమిదింట మూడు వంతులు. ఏడాదికి 52 పెన్నీలు కట్టిన ఇల్లాలి సొమ్ములో 19½ పెన్నీలు ఆ నడకకు, దానిని లెక్క వ్రాయుటకు చెల్లినవన్నమాట. తామే కార్యాలయమునకు పోయి ఏడాదికొకమారు కట్టగలవారికి ఇంత భారము లేదు. బెవరిడ్జ్ ఈ వ్యాపారమును ప్రభుత్వమే తీసికొనవలెనని సూచించెను. ఆ సూచన అమలు జరుగలేదు గాని, అంత్యక్రియలకు ప్రభుత్వ సహాయము 1949 లో వచ్చెను. పెద్దవారి మరణమునకు 20 పౌనులు. అనాథ శవపు భయము దానితో తీరినదనవచ్చును. అయినను ఏజెంటు గుమ్మమువద్దకు వచ్చుట మానలేదు, తలుపు తీయువారును మానలేదు. ప్రుడెన్షియల్ కంపెనీ ఈ తరహా కొత్త పాలసీలు అమ్ముట 1995 లో నిలిపివేసెను.